నిమ్మగడ్డి కింద నీళ్లదారి

మా పంపు బాపు పోయాడు. కొత్వాల్‌గూడలో కూతురి ఇంట్లో, ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, అన్నానికి ముందు చేతులు కడుక్కోవడానికి వంగినవాడు అట్లాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడట. సాయంత్రం నాలుగింటికి ఆయన కూతురు ఆటో దిగి మా క్వార్టర్స్‌లోకి వచ్చింది. నేను ఎదురుగానే ఉన్నాను.

"అక్కా, బాపు ప్రభువు దగ్గరికి పోయిండు. రేపు పదకొండింటికి మట్టి చేస్తున్నం," అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. "ఒక్కలకు చెప్తే అందరికి తెల్వదా, ఊకె తిరుగుడెందుకని మా ఆయన అన్నడు. గానీ బాపు అయితె గట్ల చెయ్యడు గద," అని చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కింది. నాలుగు బ్లాకులు, ఒక్కొక్కటి నాలుగు అంతస్తులు. ప్రతి తలుపూ తట్టి, ప్రతి ఇంట్లో అదే మాట చెప్పి, చీకటి పడేలోపు దిగివచ్చింది. ఆటో ఎక్కాకే ఆమెకు ఏడుపు వచ్చింది.

ఆయన మీలో ఎవరికీ తెలియడు. పేపర్లో పడేటంత మనిషి కాదు. మాకు నీళ్లు వదిలిన మనిషి, అంతే. మట్టి దగ్గర చాలామంది ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. నాకు నోరు రాలేదు. నాలుగేళ్ల కిందట ఆయన పని, ఆయన తలదాచుకున్న గది, రెండూ పోయే పరిస్థితి నా చేతుల మీదుగా వచ్చింది. ఆ సంగతి మా వాళ్లకు పైపైనే తెలుసు. లోపలిది చెప్పకుండా ఆయన్ను తలుచుకోవడం నాకు చేతకావడం లేదు.

మా క్వార్టర్స్ శంషాబాద్ రోడ్డు మీద నుంచి చూస్తే సగంలో ఆపేసిన కట్టడంలా ఉంటాయి. నేను పుట్టకముందు ఎవరో పేరున్న ఆర్కిటెక్టు గీసిచ్చాడట. గోడలకు పూత లేదు, రంగు లేదు. కాంక్రీటు పోసినప్పటి చెక్కపలకల గీతలు అలాగే అచ్చుపడి ఉంటాయి. కిటికీలు ఉండాల్సిన చోట సిమెంటు జాలీలు. మొదటిసారి భీమవరం నుంచి వచ్చిన మా మామయ్య, "సున్నం వేసేవాడు పారిపోయాడా ఏంటే?" అని అడిగాడు. పొడుగాటి కారిడార్లన్నీ మధ్యలో ఉన్న చదరపు వాకిలి వైపే తిరిగి ఉంటాయి. ఆ వాకిలి చుట్టూ ఉన్న నేల కన్నా రెండు మెట్లు పల్లం. ఎవరింట్లో పాలు పొంగినా, ఎవరి పిల్ల అలిగినా ఆ వాకిట్లో వినపడుతుంది.

ఆ వాకిలి మూలన పంపు గది. అందులో మోటారు, దాని పక్క తలుపు తెరిస్తే ఒక మంచం పట్టేంత గది. బాపు అక్కడ ఉండేవాడు. ఈ బ్లాకులు కడుతున్నప్పుడు పైపులు పరిచే మేస్త్రీ కింద పనికి వచ్చి, పని అయిపోయాక అందరూ వెళ్లిపోతే తాను ఉండిపోయాడు. పెళ్లాం ఆ గదిలోనే పోయింది. కూతుర్ని ఆ గదిలోంచే పెళ్లి చేసి పంపాడు.

రోజూ తెల్లారగట్ల మొదటి నీళ్లు దోసిట్లో పట్టి రుచి చూసేవాడు. మింగడు, నోట్లో తిప్పి ఉమ్మేస్తాడు. కాసేపు నిలబడి ఆలోచించి, అప్పుడు వదులుతాడు. ఎక్కడైనా పైపు కారుతోందని అనుమానం వస్తే పొడుగాటి పానా ఒక కొస పైపు మీద, ఇంకో కొస చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "పైపు అబద్ధమాడది బిడ్డా. మనకే ఇనే ఓపిక ఉండది," అనేవాడు. ఎవరింట్లో అయినా కుళాయి తెరిచి మరిచిపోతే కింద నుంచి అరిచేవాడు కాదు. నాలుగు అంతస్తులైనా ఎక్కి, తలుపు తట్టి, లోపలికి వచ్చి తానే కట్టేసి, ఒక్క మాట లేకుండా దిగిపోయేవాడు. ఒకసారి మా అమ్మ సిగ్గుపడి, "కేకేస్తే నేనే కట్టేదాన్ని కదా బాపూ," అంటే, "కేకేస్తె చెవిల పడ్తదమ్మా. మెట్లెక్కి వస్తె మనసుల పడ్తది," అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో కుళాయి మరిచిపోయినవాళ్లు లేరు.

అప్పటికి నేను వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి, రెండు ఉద్యోగాల్లో చేరి, రెండూ మానేసి ఇంట్లో ఉన్నాను. ఎక్కడా కుదురు లేదు. నన్ను చూస్తే నాకే విసుగు. అలాంటప్పుడు మా సంఘం సెక్రటరీ గారు వచ్చారు. తెనాలి వైపు మనిషి, రిటైరైన బ్యాంకు ఆఫీసరు. చెడ్డవాడేం కాదు, కానీ ఆయనకు చిందరవందరగా ఉన్నదేదీ కంటికి ఆనదు.

"అమ్మాయ్, ఇది వాకిలా, బీడా?" అన్నారు కారిడారులోంచి కిందికి చూపించి. "అక్కడొక గడ్డి దుబ్బు, ఇక్కడొక కలబంద, ఆ మూల మెట్టతామరలు. ఒక వరస లేదు, వావి లేదు. మేలో నా పదవి అయిపోతుంది. ఈలోపు దీన్నొక తోట చెయ్యాలి. నువ్వు చదివింది అదేగా. గియ్యి."

నాకు జీవితంలో మొదటిసారి ఎవరో పని అప్పగించారు. పది రోజులు కూర్చుని గీశాను. మధ్యలో పచ్చిక, చుట్టూ పూలమళ్లు, నాలుగు బెంచీలు. పాత మొక్కలన్నీ తీసేయడమే.

సెక్రటరీ గారి మనసులో ఇంకొకటి కూడా ఉంది. మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టించి, పంపు గదిని సంఘానికి ఆఫీసు చేయాలని. "మనిషి అక్కర్లేదు కదా. కాకపోతే ఒకటే చిక్కు," అనేవారు. "కట్టినప్పటి నక్షాలన్నీ చెదలు తినేశాయి. భూమిలో ఏ పైపు ఎటు పోయిందో అతనికి తప్ప నరమానవుడికి తెలియదు. అందుకని ఊరుకున్నాం."

ఈ మాట బాపుకూ తెలుసు. అందరికీ తెలుసు.

తవ్వకం మంగళవారం మొదలుపెడదామనుకున్నాం. ముందటి శనివారం సాయంత్రం బాపు చంకన సంచి పెట్టుకుని కూతురి ఊరికి బయల్దేరాడు. మర్నాడు మట్టల ఆదివారం, సోమవారం వాళ్లింట్లో ప్రార్థన కూటం. ఊరెళ్లే ముందు ఎప్పుడూ చేసేటట్టే ట్యాంకు నిండా నింపి, ఇంటింటా డ్రమ్ములు పట్టించి పోతున్నాడు. పోతూ పోతూ ఆగి నన్ను పిలిచాడు.

"జర నీ నక్షా సూపియ్యి బిడ్డా."

చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచిగ గీసినవ్. ఏప్రిల్ల పచ్చిక పెడ్తున్నరు, పెండ్లినాడు గుండు కొట్టించుకున్నట్టు. సరే, మీ ఇష్టం."  చుట్టూ కారిడార్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "గీ మొక్కలు ఊకె పెట్టలే నేను. కలబంద ఉన్నకాడ కింద పైపు మలుగుతది. మెట్టతామర ఉన్నకాడ జాయింటు. జర చెమ్మ కారుతది, దానికి చెమ్మ ఇష్టం గద. నిమ్మగడ్డి దుబ్బులు రెండున్నయి సూడు, వాటి కింద వాల్వులు. దుబ్బు అయితె పీకుడు అల్కగ, మళ్ల పెట్టుడు అల్కగ."

నేను ఆ వాకిలిని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ క్షణం దాకా చూడలేదు.

"ఎక్కడైనా రాసుకోవచ్చు కదా బాపూ?"

"నాకు రాసుడు రాదు. నాటుడు వచ్చు."

"మరి ఇన్నేళ్లూ ఎవరికైనా చెప్పి ఉంటే..."

"చెప్పినంక నాతోని ఏం పని వాళ్లకు?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "ఈ గది ఇడిశి ఏడికి పోవాలె? బిడ్డ ఇంట్ల ఒక్క దినం ఉంటె సుట్టం, పది దినాలుంటె బరువు. నీకు చెప్తున్న, ఎందుకంటె పీకేది నువ్వే గనక. నీలోనే ఉంచుకో. మంగళారం పొద్దుగాల నేను వచ్చేదాక గడ్డపార దించనియ్యకు. ఎట్ల పీకాలె, ఏడ తవ్వాలె నేను పక్కన నిలవడి సూపిస్త."

సరేనన్నాను. ఒట్టు కూడా వేశాను.

సోమవారం సాయంత్రం పచ్చిక చాపల లారీ ఒకరోజు ముందే వచ్చింది. సెక్రటరీ గారు హడావుడి పడిపోయారు. "గడ్డి మాడిపోతుందమ్మాయ్! తెల్లారి ఏడింటికి కొబ్బరికాయ కొట్టి తవ్వడమే. ఈ పొదలన్నీ ఇప్పుడే పీకించెయ్!" ఆగుదామంటే ఎందుకు ఆగాలో చెప్పాలి. చెబితే ఒట్టు పోతుంది. ఆలోచించి, నాకు చాలా తెలివైనదిగా తోచిన ఉపాయం ఒకటి చేశాను. మొక్కలు పీకించేసి, గుంటలు పూడ్పించి, ఇంట్లోంచి కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి తెచ్చి గుర్తులు పెట్టుకున్నాను. కలబంద తీసిన చోట ఒక చుక్క, మెట్టతామర తీసిన చోట రెండు చుక్కలు, నిమ్మగడ్డి దుబ్బులు తీసిన రెండు చోట్లా ఒక్కో సున్నా. నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు కదా అని సంబరపడి పడుకున్నాను.

తెల్లారి లేచి కారిడారులోంచి కిందికి చూశాను. వాకిలి నిండా ముగ్గు. ఈ మూల నుంచి ఆ మూల దాకా, చుక్క చుక్కా కలిపి, తీగలు చుట్టి, సున్నాల చుట్టూ రేకులు దిద్ది, ఎనిమిది తామరపూలు. అంత అందమైన ముగ్గు మా క్వార్టర్స్‌లో ఎప్పుడూ వేయలేదు. నా రెండు సున్నాల కోసం వెతికాను. ఏవి నావో తెలియలేదు.

మా అమ్మ చేతికంటిన పిండి దులుపుకుంటూ మెట్లెక్కి వస్తోంది. "చుక్కలు పెట్టి నిద్ర ఆపుకోలేక వదిలేశావు కాబోలు. శుభమా అని కొబ్బరికాయ కొట్టే చోట అరకొర ముగ్గేమిటే? నీ చుక్కలకు వరసా లేదు, లెక్కా లేదు. మధ్యలో నావి పెట్టి సరిచేసేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

 మాట్లాడవలసిన చోట ఊరుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఏడైంది. కొబ్బరికాయ కొట్టారు. బాపు బస్సు ఇంకా రాలేదు. "కాసేపు ఆగుదామండీ, బాపు వచ్చేస్తాడు," అన్నాను. "తోటకి పంపు ఆపరేటరు ఎందుకమ్మా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు," అన్నారు సెక్రటరీ గారు. గడ్డపారలు పట్టుకున్న కూలీలు నా వైపు చూశారు. కారిడార్ల నిండా జనం. నాకు గుర్తున్నంతలో, పైపు లేదనుకున్న చోటు చూపించాను.

మూడో పోటుకే నీళ్లు మనిషెత్తు లేచాయి.

మొదట పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాత ఎవరో పెద్దవాళ్లు అరిచారు. అది పైన ట్యాంకు నుంచి దిగి పంపు గది ముందున్న బ్లాకుల వాల్వులకు వచ్చే పెద్ద పైపు. ట్యాంకు దగ్గరి వాల్వు ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మోటారు ఆపినా పైన ఉన్న నీళ్లు పోతూనే ఉంటాయి. ఆ ఎండల్లో బోరు ఊరడానికి రెండు రోజులు పట్టేది. నాలుగు బ్లాకుల రెండు రోజుల నీళ్లు మా కళ్లముందు మట్టిలో కలుస్తున్నాయి. పల్లంగా ఉన్న వాకిలి ఒక పక్క నుంచి నిండడం మొదలైంది, ముగ్గు ఆ పక్క నుంచి చెరిగిపోవడం మొదలైంది.

"ఆ మనిషిని నమ్ముకుంటే ఇంతే!" అని సెక్రటరీ గారు కేకలు. "ఒక్క ముక్క చెప్పి చావలేదు. దాచిపెట్టుకుని ఊళ్లు తిరగడం! ఇవాళే ఖాళీ చేయిస్తా గది!"

చెప్పాడండీ, నాకు చెప్పాడు అనాలి. నాలుక మీద ఉంది. అనలేదు.

అప్పుడే బాపు వచ్చాడు. తెల్ల చొక్కా, చంకన సంచి. రోడ్డు మీద నుంచే చప్పుడు విన్నాడేమో, ఆ వయసులో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి వాకిలి వైపు చూశాడు. ఆయన కళ్లు అటూ ఇటూ వెతికాయి. వాల్వు తెలుసు కదా, వెళ్లి తిప్పేస్తాడని నేను అనుకుంటున్నాను. ఆయన కదలలేదు.

"ఏడున్నదో తెలుస్తలేదు బిడ్డా," అన్నాడు, నాకొక్కదానికే వినపడేటట్టు. "ఇరవై ఏండ్లసంది గడ్డినే సూస్తున్న. జాగను సూడలే."

ఆయన ముఖంలో భయం చూడడం నాకు అదే మొదలు.

ఇక దాచడానికేం లేదు. "ముగ్గులో ఉంది బాపూ," అన్నాను. "నిమ్మగడ్డి తీసిన చోట సున్నా చుట్టాను. అమ్మ దాని మీద పువ్వు వేసేసింది. నావి రెండే. అమ్మ ఎనిమిది చేసింది."

మా అమ్మ పక్కనే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగిపోయింది. ఒక పువ్వు దగ్గర వంగి చూసి, అరచేత్తో తుడిచేసింది. "ఇది నాది." ఇంకో పువ్వు. "ఇదీ నాదే. నా సున్నా గుండ్రంగా ఉంటుంది బాపూ, దీనిది చూస్తే తెలిసిపోతుంది." పిండి గీతల మీదికి నీళ్లు పాకుతున్నాయి. అమ్మ నీళ్ల కన్నా ముందు ఉండాలని వంగుకునే పరుగెత్తుతోంది. "ఇది కాదు. ఇది కాదు." ఐదో పువ్వు దగ్గర ఆగింది. "ఇదిగో! కోడిగుడ్డులా ఉంది చూడండి. ఇది మా పిల్లదే!"

బాపు మోకాళ్ల మీద పడి చేతులతోనే తవ్వాడు. జానెడు లోతున బండ తగిలింది. బండ ఎత్తి, నేను పంపు గదిలోంచి తెచ్చిచ్చిన పానా లోపల పెట్టి, భుజం ఆనించి తిప్పాడు. కదలలేదు. ఇంకోసారి. ఇంకోసారి తిప్పితే కిర్రుమంది. తిప్పిన కొద్దీ నీళ్లు ఎత్తు తగ్గుతూ వచ్చి, నేలకు దిగి, ఆగిపోయాయి.  రెండో సున్నా ఉన్న పక్క అప్పటికే తెల్లటి బురదైపోయింది.

సెక్రటరీ గారు తెలివైనవారు. వాల్వు వైపు, మూలన కుప్పగా పడున్న నిమ్మగడ్డి వైపు మార్చి మార్చి చూశారు. "అంటే... ఆ మొక్కలన్నీ గుర్తులా?" అన్నారు మెల్లగా.   బాపు తల వంచుకుని పానాకంటిన మట్టి తుడుస్తున్నాడు.

ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది. "అమ్మాయ్, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం కాగితం మీదికి ఎక్కించు. ఒక్క మనిషి తలకాయ మీద నాలుగు బ్లాకులు ఆధారపడితే ఎలా? వచ్చే ఆదివారం సమావేశంలో పెడదాం. గది సంగతీ అప్పుడే తేల్చేద్దాం."

కాదనడానికి ఏముంది అందులో? మాట న్యాయమైనదే. కానీ ఆ కాగితం పూర్తయిన రోజున బాపు అక్కర్లేకుండా పోతాడు. గీసేది నేను.

బాపు తానే వచ్చాడు పెన్సిలు పట్టుకున్న నా పక్కన కూర్చోవడానికి. నాలుగు రోజులు సాయంత్రాలు పంపు గదిలో కూర్చున్నాం. ఎక్కడ మలుపు, ఎక్కడ జాయింటు, గది ముందున్న వాల్వుల్లో పొద్దున ఏ బ్లాకుది ముందు తిప్పాలి, ఎన్ని తిప్పులు తిప్పాలి, అన్నీ చెప్పాడు. "సి బ్లాకుది మొదలు సగమే తిప్పాలె. మొత్తం ఇడిస్తె పైపు తన్నుకుంటది, కోడెదూడ లెక్క. జర సముదాయించి ఇడువాలె," అంటే అంచున అది కూడా రాశాను. నేను ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. అడిగితే పరవాలేదంటాడు. అది వినే ధైర్యం నాకు లేదు.

చివరి రోజు శుభ్రంగా సిరా వేసి, మడిచి, ఆయన చేతికిచ్చాను. చదువు రాకపోయినా గీతలు చదవగలడు. వేలు పెట్టి ట్యాంకు నుంచి మొదలుపెట్టి, మలుపు మలుపునా ఆగుతూ చివరిదాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఒకటి మర్శినవ్ బిడ్డా. రెండో నిమ్మగడ్డి. సి బ్లాకుకు, డి బ్లాకుకు నీళ్లు చీలే కాడ వాల్వు."

"మరిచిపోలేదు బాపూ."

తలెత్తి నా వైపు చూశాడు.

"అది మనిద్దరికే తెలుసు," అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. "అది లేకపోతే ఏ మరమ్మతు వచ్చినా నిన్ను పిలవాల్సిందే. గది జోలికి రారు."

 ఆయన వేలు ఆ కాగితం మీదే ఉంచి కూర్చున్నాడు. తెరిచిన పక్క తలుపులోంచి మంచం కనిపిస్తోంది, మంచం కింద ఆయన రేకు పెట్టె కనిపిస్తోంది. ఆయన ఏం ఆలోచించాడో నాకు తెలియదు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఒప్పుకోవాలని మనసులో మొక్కుకున్నాను కూడా.

"పెన్సిలియ్యి," అన్నాడు.

ఇచ్చాను. అక్షరం రాని ఆ చెయ్యి పెన్సిలును గడ్డపారలా పట్టుకుంది. చీలిక దగ్గర ఒక సున్నా చుట్టాడు. నాదానికన్నా వంకరగా వచ్చింది.

"డి బ్లాకుల ఏడు ఇండ్లల్ల పసిపిల్లలున్నరు," అన్నాడు. "నేను లేనినాడు పైపు పల్గితె? నన్ను ఉంచుకోవాలంటె ఉంచుకుంటరు, లేకుంటె లేదు. నీళ్లను అడ్డం పెట్టుకొని బతుకద్దు బిడ్డా. గిన్నేండ్లు పెట్టుకున్న. మొన్న సూసినం గద ఏమయిందో."

ఆదివారం మధ్యాహ్నం, బాపు ఈస్టర్ ఆరాధన చూసుకుని తిరుగు బస్సుకు వచ్చాక, వాకిట్లోనే కుర్చీలు వేశారు. నక్షా చేతులు మారింది. బాగుందన్నారు. నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసం నేను రెండేళ్లుగా మొహం వాచి ఉన్నదాన్నే. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, "ఇక పంపు గది విషయం," అన్నారు. బాపు దూరంగా, మూలన నిలబడి ఉన్నాడు.

లేచి నిలబడ్డాను.  ఆ రోజు బాపు నాకు ముందే చెప్పాడని, తాను వచ్చేదాకా తవ్వనివ్వొద్దన్నాడని, తవ్వించింది నేనేనని చెప్పాను. తర్వాత నక్షా అడిగి తీసుకుని ఆ పెన్సిలు సున్నా చూపించాను. "ఇది నేను కావాలని వదిలేశానండీ. ఆయన పెట్టాడు."

 సెక్రటరీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే, మమ్మల్ని మోసం చేద్దామనుకున్నావన్నమాట."

"అవునండీ."

పై కారిడారులో ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మ, "నోర్ముయ్యండి ఎవరది," అంది.

సెక్రటరీ గారు కాగితం దగ్గరగా పెట్టుకుని ఆ వంకర సున్నా వైపు చాలాసేపు చూశారు. "నువ్వు చేద్దామనుకున్నావు. అతను చేయనివ్వలేదు," అన్నారు చివరికి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "గది విషయం ఇవాళ లేదు. నేను ఈ కుర్చీలో ఉన్నన్నాళ్లు ఏ రోజూ ఉండదు. తర్వాతిది చదవండి."

మేలో ఆయన పదవి అయిపోవాలి. అందరూ కలిసి మళ్లీ ఆయన్నే కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం బాపు నన్ను తిట్టాడు. "అంత మందిల గట్ల చెప్పుకుంటరా? పెండ్లి గావాల్సిన పిల్లవు. దొంగ అనుకోరా?" అని. తిడుతూనే ఉన్నాడు, పీకిన నిమ్మగడ్డి కుప్పలోంచి బతికున్న పిలకలు ఏరుతూనే ఉన్నాడు.

వాకిలి వానలకు ముందే తయారైంది. నేను మొదట గీసినట్టు కాదు. పైపులు పోయిన దారినే నడకదారులు వేశాం, వాటి మీద షాబాదు బండలు పరిచాం. సిమెంటు పూయబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "బండ పెట్టున్రి, అతికించకున్రి. రేపు ఎవ్వలన్న లేపాలె గద." మిగిలిన జాగాలో మళ్లు చేశాం. వాటి మధ్య పరిచిన ఆ పచ్చిక, ఆయన అన్నట్టే, నెల తిరక్కుండా మాడిపోయింది. గుండు గురించి మళ్లీ ఎత్తలేదు. ఎండిన చాపలు చుట్టి మోసుకుపోతూ నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు, అంతే. ఇవాళ బుద్వేల్ దగ్గర నర్సరీలో నాకొక కుదురైన పని ఉంది. అక్కడ ఏ నేల మీద గీత గీయాల్సి వచ్చినా ముందు అక్కడ ఎప్పటినుంచో ఉంటున్నవాళ్లను వెతుక్కుంటాను. ఆ అలవాటు నాకు కాలేజీ నేర్పలేదు.

బాపు చివరిదాకా ఆ గదిలోనే ఉన్నాడు. శనివారం సాయంత్రం కూతురి ఊరు, ఆదివారం ఆరాధన, తిరుగు బస్సు. ఈసారి తిరుగు బస్సు ఎక్కలేదు.

సోమవారం మట్టి పదకొండింటికి. పొద్దున అయిదున్నరకు నేను కారిడారులోకి వచ్చేసరికి, కింద సెక్రటరీ గారు పంపు గది ముందు ఉన్నారు. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఆ కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక అంటించి ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, అంచున రాసింది పైకి చదువుకుంటున్నారు. "ఎ బ్లాకు... ఆరు తిప్పులు. సి బ్లాకు... మొదట సగం." వంగి, తిప్పి, నడుము పట్టుకుని లేచి, మళ్లీ చదువుకుని, ఇంకోదాని దగ్గరికి వెళ్తున్నారు. నాలుగు అంతస్తుల్లోనూ జనం బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. ఒక్క పైపు కూడా తన్నుకోలేదు. రోజూ వచ్చే వేళకే, రోజూ వచ్చినట్టే, ఒక్కో ఇంట్లో నీళ్ల చప్పుడు మొదలైంది.

మా కుళాయి కూడా మొదలైంది. అమ్మ బిందె చంకన పెట్టుకుని దాని ముందు నిలబడి ఉంది. నీళ్లు గచ్చు మీద పడి, గడప దాటి, కారిడారులోకి పారుతున్నాయి. అమ్మ బిందె దించలేదు, కుళాయి కట్టలేదు, మెట్ల వైపే చూస్తోంది.